డిస్కౌంట్ అంటే నిజంగా ఎంత తగ్గినట్టు? హైదరాబాద్‌లో కొనేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఆషాఢం రాగానే అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో పిల్లర్ల మీద, షాపుల అద్దాల మీద, పేపర్ మొదటి పేజీలో ఒకటే మాట కనిపిస్తుంది: డిస్కౌంట్. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపులకు బేరాలు తగ్గుతాయి. ఆ నెల గడిస్తే శ్రావణం, వరలక్ష్మీ వ్రతాలు, ముహూర్తాలు. కాబట్టి పాత సరుకు ఖాళీ చేసుకోవడానికి వ్యాపారికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఇందులో మోసమేమీ లేదు, కొనేవాళ్లకు లాభం ఉండొచ్చు కూడా. చిక్కు ఎక్కడంటే, బోర్డు మీద శాతం పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ శాతం దేని మీద అన్నది మాత్రం ఉండదు.

డిస్కౌంట్ అనగానే "ఎంత?" అని అడగడం మనకు అలవాటు. ముందు అడగాల్సింది "దేని మీద?" అని. కింద చెప్పే అడుగులన్నీ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

మొదటి అడుగు: ఏ మాట ఎక్కడ వాడతారో తెలుసుకోండి

బడిలో లెక్కల పుస్తకంలో కొన్న వెల, ప్రకటన వెల, అమ్మిన వెల అని చదువుకున్నాం. ప్రకటన వెల అంటే వస్తువు మీద రాసి ఉన్న ధర. అందులోంచి వ్యాపారి వదులుకునేదే డిస్కౌంట్. పాత వర్తకుల చిట్టాల్లో దీన్నే ముదరా అనేవారు, ఇప్పుడు తగ్గింపు అంటాం, కౌంటర్ దగ్గర మాత్రం అందరూ డిస్కౌంటే అంటారు. "డిస్కౌంట్ పోను ఎంత?", "డిస్కౌంట్‌లో తీసుకున్నా", "వాళ్ల దగ్గర ఇప్పుడు డిస్కౌంట్ నడుస్తుంది" అన్నవి రోజూ వినే మాటలే.

దీని చుట్టూ తిరిగే మాటలు మరికొన్ని ఉన్నాయి. వాటిని కలిపేస్తే జేబుకే చిల్లు. ఆఫర్ అన్నది పెద్ద గొడుగు, దాని కింద ఏదైనా రావచ్చు: ధర తగ్గడం, ఇంకో వస్తువు ఉచితంగా ఇవ్వడం, లక్కీ డ్రా కూపన్. సేల్ అని బోర్డు పెట్టినంత మాత్రాన ధర తగ్గించాలని ఎక్కడా లేదు. క్యాష్‌బ్యాక్‌లో ముందు పూర్తి డబ్బు కట్టాలి, కొంత తర్వాత వెనక్కి వస్తుంది. అది బ్యాంకు ఖాతాలోకి రాకుండా ఏదో యాప్ వాలెట్‌లోకి పాయింట్లుగా వస్తే అది డబ్బు కాదు, మళ్లీ అక్కడే కొనమని పిలుపు. చేనేత సహకార సంఘాల దుకాణాల్లో పండుగలకు ఇచ్చే తగ్గింపును రిబేటు అంటారు. రాయితీ అన్న మాటను మనం ఎక్కువగా ప్రభుత్వం ఇచ్చేదానికి, బస్ పాస్‌కో విత్తనాలకో వాడతాం.

ఫ్లాట్, అప్‌టు అనే రెండు చిన్న మాటల మీద కన్నేసి ఉంచండి. ఫ్లాట్ 40% అంటే ఆ అరలో ఉన్న ప్రతి వస్తువు మీదా 40% తగ్గాలి. అప్‌టు 70% అంటే ఎక్కడో ఒక మూల, ఎవరూ ముట్టని రంగులో, ఎవరికీ పట్టని సైజులో ఉన్న కొన్నింటి మీద 70% ఉంటుంది, మీకు నచ్చిన చీర మీద 10% ఉంటుంది. బోర్డు మీద 70 అడుగెత్తు ఉంటే అప్‌టు చిటికెన వేలంత ఉంటుంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంటే షరతులు ఇంకెక్కడో ఉన్నాయని లెక్క. లోపలికి వెళ్లకముందే సెక్యూరిటీ పక్కన నిలబడ్డ సేల్స్ అబ్బాయిని "అన్ని సరుకుల మీదా ఉందా, కొన్నింటి మీదేనా?" అని అడిగేయండి. నిజానికి వాళ్లు దాచరు, మనమే అడగం.

రెండో అడుగు: అసలు ధర ఎవరు పెట్టారో చూడండి

మొత్తం వ్యవహారానికి మూలం ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ప్యాకెట్‌లో వచ్చే సరుకు మీద ఎమ్మార్పీ ఉంటుంది, అంటే గరిష్ఠ చిల్లర ధర. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద వచ్చిన 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం ఇది అన్ని పన్నులూ కలిపిన ధర. అంతకు మించి అమ్మితే నేరం, తగ్గించి అమ్మడం వ్యాపారి ఇష్టం. చాలామంది ఎమ్మార్పీని ప్రభుత్వం నిర్ణయిస్తుందనుకుంటారు. కాదు. తయారీదారో, ప్యాక్ చేసినవాడో, దిగుమతిదారో తనే వేసుకుంటాడు. కొన్ని మందుల్లాంటివి తప్పిస్తే అది ఎంత ఉండాలో చెప్పేవాళ్లు లేరు. 800కి అమ్మాలనుకున్న మిక్సీ జార్ మీద 2,000 వేసి, 60% డిస్కౌంట్ అని రాస్తే ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. శాతం ఎంత పెద్దదైతే నాకు ఎమ్మార్పీ మీద అంత అనుమానం.

అందుకే ఎమ్మార్పీని కొలతగా తీసుకోకండి. అదే వస్తువు ఇంకో రెండు చోట్ల ఎంతకు దొరుకుతోందో చూసి, వాటిలో తక్కువదాన్ని కొలతగా పెట్టుకోండి. మిక్సీ, ఫ్యాన్, ఫోన్ లాంటి వాటికి మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరం దాకా రాసుకుని ఆన్‌లైన్‌లో వెతకండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే మోడల్ కావచ్చు. ల్యాప్‌టాప్ అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి నాలుగు షాపుల్లో కొటేషన్ అడిగితే అసలు మార్కెట్ ధర తేలిపోతుంది. అక్కడ బోర్డు మీద శాతాల కంటే "క్యాష్ ప్రైస్ ఎంత?" అన్న ప్రశ్నకే జవాబు ఎక్కువ.

ధర మీద స్టిక్కర్ అంటించి ఉంటే గోకి చూడటానికి మొహమాటపడొద్దు. మామూలుగా ధర తగ్గించినప్పుడు స్టిక్కర్ వేయొచ్చు, కానీ కంపెనీ ముద్రించిన పాత ఎమ్మార్పీని అది కప్పకూడదు. పెంచడానికి స్టిక్కర్ వేయడం కుదరదు. కింద తక్కువ ధర, పైన ఎక్కువ ధర కనిపిస్తే ఆ డిస్కౌంట్ గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

మందుల షాపుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఏ కాలనీలో చూసినా మెడికల్ షాపు బోర్డు మీద 15%, 20% డిస్కౌంట్ అని ఉంటోంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర ప్రభుత్వ సంస్థే నిర్ణయిస్తుంది. ఆ లెక్కలో చిల్లర దుకాణదారుకు పెట్టిన లాభం 16%. జాబితాలో లేని మందులకు ఎమ్మార్పీ కంపెనీదే, ఏడాదికి 10% మించి పెంచకూడదన్న షరతు మాత్రం ఉంది. కాబట్టి ఒకే మందు ఒక బ్రాండ్‌లో 120 రూపాయలు, ఇంకో బ్రాండ్‌లో 60 ఉండొచ్చు. 120 దాని మీద 20% తగ్గించి 96కి ఇస్తే సంతోషపడే బదులు, 60 రూపాయల బ్రాండ్ సరిపోతుందా అని డాక్టర్‌ని అడగడం మేలు. జన ఔషధి కేంద్రాల్లో ఇంకా తక్కువకు దొరకొచ్చు. నెలనెలా బీపీ, షుగర్ మందులు కొనే ఇళ్లలో ఈ తేడా చిన్నది కాదు.

మూడో అడుగు: లెక్క నోటితో చేయడం నేర్చుకోండి

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నా నోటి లెక్క వేగం వేరు. 10% కావాలంటే చివరి అంకె వదిలేయండి: 1,500లో 150. దాని సగం 5%, అంటే 75. ఈ రెండూ ఉంటే ఏదైనా కట్టుకోవచ్చు. 35% అంటే మూడు 150లు, ఒక 75, మొత్తం 525. కాబట్టి 1,499 రూపాయల చొక్కా 35% పోను 975 చుట్టుపక్కల పడాలి. బిల్లులో 1,100 కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి. పెద్దవాళ్లకు రూపాయికి పావలా, అర్ధ రూపాయి లెక్క ఇంకా సులువు. 25% అంటే పావలా వంతే కదా.

తరచూ బోల్తా కొట్టించేది రెండు డిస్కౌంట్ల కూడిక. "50% + 20% ఆఫ్" అంటే 70% కాదు. 2,000 రూపాయల కుర్తా మీద 50% పోతే 1,000. ఆ వెయ్యి మీద 20%, అంటే 200. చివరికి 800 కట్టాలి. మొత్తం తగ్గింది 60%. రెండో శాతం ఎప్పుడూ మిగిలిన దాని మీదే.

తర్వాతిది "రెండు కొంటే ఒకటి ఉచితం". మూడూ ఒకే ధరవైతే 33% తగ్గినట్టు. కానీ ఉచితంగా వచ్చేది మూడింటిలో తక్కువ ధరది. 1,999, 1,799, 999 రూపాయల చొక్కాలు మూడు తీశారనుకోండి. మొత్తం 4,797, కట్టేది 3,798. తగ్గింది 21% కంటే కాస్త తక్కువే. ఈ ఆఫర్ పెట్టిన షాపులో లాభం కావాలంటే మూడూ దగ్గర దగ్గర ధరల్లో ఎంచుకోవాలి. ఇంకా ముఖ్యంగా, మీకు మూడు చొక్కాలు కావాలా? ఒకటి కావాల్సినవాడు రెండింటికి డబ్బు కట్టి మూడు తెచ్చుకుంటే బీరువా నిండుతుంది, అంతే. స్నేహితులో అన్నదమ్ములో కలిసి వెళ్లి పంచుకుంటే మాత్రం ఇది మంచి బేరం.

వోచర్ల లెక్క ఇంకాస్త గడుసుది. "3,000కి కొంటే 1,000 వోచర్" అంటారు. వినగానే మూడో వంతు తగ్గినట్టు ఉంటుంది. ఆ వోచర్ మళ్లీ 3,000 కొంటేనే చెల్లుతుందని వెనకాల రాసి ఉంటుంది. అంటే 6,000 సరుకుకు 5,000 కట్టారు, 17% లోపే. అదీ గడువులోపు మళ్లీ వెళితే.

కిరాణాలో "20% అదనం" అని ప్యాకెట్ మీద ఉంటే అది 20% తగ్గింపు కాదు. 100 గ్రాముల ధరకు 120 గ్రాములు వచ్చాయి, లెక్క వేస్తే 16.7%. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా పొరపాటే. ఎమ్మార్పీ దగ్గర గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ఉంటోంది. అది చదవడం అలవాటైతే సూపర్ మార్కెట్‌లో సగం ఆఫర్లు పక్కకు పోతాయి.

నాలుగో అడుగు: ఎమ్మార్పీ లేని చోట డిస్కౌంట్ అడగొద్దు, రేటు అడగండి

హైదరాబాద్‌లో సగం షాపింగ్ ఎమ్మార్పీ లేనిదే. లాడ్ బజార్ లక్క గాజులు, పత్తర్‌గట్టీ ముత్యాలు, సుల్తాన్ బజార్ డ్రెస్ మెటీరియల్, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు. ఇలాంటి చోట "ఎంత డిస్కౌంట్ ఇస్తారు?" అని అడిగితే వాళ్ల పని సులువు చేసినట్టే. ముందు 1,200 చెప్పి, సగానికి తగ్గించి 600కి ఇస్తారు. మీకు 50% వచ్చింది, వాళ్లకు రావాల్సింది వచ్చింది.

అక్కడ మాట వేరేలా సాగుతుంది.

"అన్నా, జత ఎంత?"

"ఆరు వందలు అక్కా."

"రెండు జతలు తీస్కుంటా, ఫైనల్ ఎంతకిస్తవ్ చెప్పు."

"వెయ్యి ఇయ్యి అక్కా, బోణీ టైం."

"పక్క దుకాణంల మూడొందల యాభై అన్నడు."

ఇక్కడ శాతం ఊసే లేదు, చివరి అంకె మీదే బేరం. చార్మినార్ వైపు చాలా దుకాణాల్లో మాట ఉర్దూలోకి మారుతుంది. "కిత్నేకు దేతే భాయ్?" అని మొదలుపెట్టి "కమ్ కరో" అంటే చాలు. "ఏక్ దామ్" అని జవాబు వస్తే అక్కడ బేరం లేదని. ఫిక్స్‌డ్ రేట్ బోర్డు ఉన్నచోట గీచిగీచి బేరమాడటం ఇద్దరికీ విసుగే. రెండు మూడు వస్తువులు తీసుకుని "రౌండ్ ఫిగర్ చేయండి" అంటే మాత్రం చాలామంది కాదనరు.

పక్క షాపు ధర నిజంగా కనుక్కుని ఉంటేనే ఆ మాట వాడండి. అమ్మేవాడికి పక్కవాడి రేటు మీకంటే బాగా తెలుసు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేత్తో రాళ్లు పొదిగిన జతకూ, అచ్చులో పోసిన ప్లాస్టిక్ జతకూ ఒకే రేటు పెట్టి బేరమాడితే కుదరదు. చేతిపని సరుకు దగ్గర మరీ చివరి పది రూపాయల దాకా లాగడం నాకు నచ్చదు. ఇది లెక్క కాదు, నా అభిప్రాయం.

ముత్యాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. "50% డిస్కౌంట్" బోర్డు ఎదురుగా కనిపించినా, ఏ ధర మీద 50% అన్నది ఆ షాపు రాసుకున్న ట్యాగ్ ఒక్కటే. ఒకే రకం, ఒకే సైజు ముత్యాల వరుస ధర రెండు మూడు షాపుల్లో అడిగితే తప్ప తేలదు.

నుమాయిష్‌కు వేరే లెక్క. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే ఈ మేళాలో కశ్మీరీ శాలువాల దగ్గర నుంచి లక్నో చికన్‌కారీ ఎంబ్రాయిడరీ దాకా బయటి రాష్ట్రాల వ్యాపారులు దుకాణాలు పెడతారు. వాళ్లకు సరుకు వెనక్కి మోసుకెళ్లడం ఖర్చు. అందుకే చివరి వారంలో రేట్లు మెత్తబడతాయి. రంగులు, సైజులు కావాలంటే జనవరిలో, ధర కావాలంటే ఫిబ్రవరిలో వెళ్లండి. రెండూ కావాలంటే కుదరదు.

బేగంబజార్‌లో హోల్‌సేల్ రేటు కావాలంటే హోల్‌సేల్‌గా కొనాలి. ఒక్క గిన్నె అడిగితే చిల్లర ధరే. స్టీలు సామాను చాలాచోట్ల తూకానికి అమ్ముతారు కాబట్టి కిలో రేటు ముందే అడిగి, తూకం కళ్లతో చూడండి. రైతు బజార్లలో ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. మెహదీపట్నమైనా, ఎర్రగడ్డైనా లోపలికి వెళ్లగానే అది చదివి వెళితే బేరమాడే శ్రమ ఉండదు.

ఐదో అడుగు: బంగారం దగ్గర ఒక్క శాతాన్నీ నమ్మకండి, మొత్తం చూడండి

"తరుగు మీద 50% డిస్కౌంట్" అన్న ప్రకటన చూడని తెలుగువాళ్లు ఉండరేమో. బంగారం రేటు మీద ఎవరూ పెద్దగా తగ్గించలేరు, అది ఆ రోజు మార్కెట్‌ది. షాపు చేతిలో ఉండేది తరుగు (నగ చేసేటప్పుడు అరిగిపోయే బంగారం పేరుతో వేసేది), మజూరీ (చేసిన కూలి). కొందరు రెండూ కలిపి వీఏ, అంటే వాల్యూ అడిషన్ అంటారు. డిస్కౌంట్ ఆటంతా ఆ చిన్న ముక్క మీదే.

లెక్క సులువు కోసం గ్రాము 10,000 అనుకుందాం. 20 గ్రాముల నెక్లెస్‌కు బంగారం విలువ 2,00,000. ఒక షాపులో తరుగు 18%, అంటే 36,000. దాని మీద 50% డిస్కౌంట్ ఇస్తే 18,000 తగ్గింది. పక్క షాపులో డిస్కౌంట్ లేదు, కానీ తరుగే 9%. అదీ 18,000. రెండు చోట్లా మీరు కట్టేది 2,18,000, దాని మీద 3% జీఎస్టీ 6,540 కలిపి 2,24,540. ఒక షాపు బయట పెద్ద బోర్డు ఉంది, రెండో దాని బయట లేదు, అంతే తేడా. పైగా మొదటి షాపులో 50% అన్నది అసలు మొత్తం మీద చూస్తే 8% కూడా కాదు.

కాబట్టి బంగారు షాపులో చేయాల్సింది ఒక్కటే: నగ ఎంచుకున్నాక "ఎస్టిమేట్ వేసివ్వండి" అని కాగితం తీసుకోండి. అందులో నాలుగు అంకెలు విడివిడిగా ఉండాలి. రాళ్లు తీసేసిన నికర బరువు, ఆ రోజు గ్రాము రేటు, తరుగు శాతం, రాళ్ల ధర. రాళ్ల బరువును కూడా బంగారం బరువులో కలిపేస్తే డిస్కౌంట్ ఇచ్చిన చేత్తోనే అంతకు మించి తీసుకున్నట్టు. గ్రాము రేటు ఏ క్యారెట్‌దో చూడండి. 22 క్యారెట్ అయితే 916 అని ముద్ర, పక్కనే ఆరు అంకెలు-అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకు ఇచ్చిన గుర్తింపు కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఇది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలు వస్తాయి. ఆ ఎస్టిమేట్‌తో ఇంకో షాపుకు వెళ్లి అదే బరువుకు ఎంత పడుతుందో అడగండి. సోమాజిగూడలోనైనా, బషీర్‌బాగ్‌లోనైనా రెండు ఎస్టిమేట్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎవరు తగ్గించారో తెలుస్తుంది.

పాత బంగారం మార్పిడి ఉంటే ఆ లెక్కను కొత్త నగ లెక్కతో కలపనివ్వకండి. పాతదానికి ఎంత విలువ కట్టారో ముందు తేల్చుకుని, తర్వాత కొత్తది మాట్లాడండి. పాత టీవీ, పాత ఫోన్ ఎక్స్చేంజ్‌కూ ఇదే పద్ధతి.

ఆరో అడుగు: కార్డు, ఈఎంఐ, యాప్

"ఫలానా బ్యాంకు కార్డు మీద 10% ఇన్‌స్టంట్ డిస్కౌంట్" అన్నప్పుడు రెండు అంకెలు వెతకండి: కనీసం ఎంత కొనాలి, గరిష్ఠంగా ఎంత తగ్గిస్తారు. గరిష్ఠం 1,500 అయితే 40,000 టీవీ మీద మీకు వచ్చేది 10% కాదు, నాలుగు శాతం లోపే.

నో కాస్ట్ ఈఎంఐ గురించి చెప్పాలంటే, వడ్డీ లేని అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. జీరో పర్సెంట్ వడ్డీ అన్న మాటే నిజం కాదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు షాపో కంపెనీయో ముందే ధరలో తగ్గిస్తుంది. 30,000 ఫోన్‌కు ఆరు నెలల వడ్డీ 1,250 అనుకుంటే అంత డిస్కౌంట్ ఇస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ 225, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ మీ నెత్తినే పడతాయి. "ఒకేసారి కడితే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి. కొన్నిచోట్ల ఆ 1,250 నేరుగా తగ్గిస్తారు.

ఆన్‌లైన్ యాప్‌లలో "ఇంకా 2 మాత్రమే మిగిలాయి", తిరుగుతున్న గడియారం, మీకు చెప్పకుండా బుట్టలో చేరిపోయే ఇన్సూరెన్సు, చివర్లో ఊడిపడే ఫీజులు అందరికీ తెలిసినవే. లేని తొందర పుట్టించడం, బుట్టలో దొంగచాటుగా చేర్చడం, ధరను దశలవారీగా బయటపెట్టడంతో కలిపి మొత్తం 13 రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న నిషేధించింది. పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చే యాప్‌లలో కూడా 40 రూపాయల డిస్కౌంట్ చూసి మురిసిపోకుండా డెలివరీ, హ్యాండ్లింగ్ ఫీజులు కూడాక వచ్చిన చివరి మొత్తం చూడండి.

ఏడో అడుగు: బిల్లు చేతిలో పడేదాకా డిస్కౌంట్ రాలేదనుకోండి

షెల్ఫ్ మీద ఒక ధర, కౌంటర్ స్కానర్‌లో ఇంకో ధర వస్తుండటం కొత్త కాదు. ఆఫర్ ముగిసిన బోర్డు తీయడం మర్చిపోయారో, సిస్టంలో మార్చడం మర్చిపోయారో. ఆఫర్ ట్యాగ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఉంటే వాదన అక్కడికక్కడే ముగుస్తుంది. వెనక లైన్లో వాళ్లు గొణిగినా సరే, బిల్లు చదివాకే కార్డు ఇవ్వండి.

పన్ను సంగతి కూడా చూడాలి. ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది కాబట్టి, దాని మీద డిస్కౌంట్ ఇచ్చాక వచ్చిన ధరకు మళ్లీ జీఎస్టీ కలపకూడదు. ఫ్లాట్ 40% అని ప్రకటించి తగ్గించిన ధర మీద విడిగా వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను) వేయడం అనుచిత వ్యాపారమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే చెప్పింది. ఎమ్మార్పీ లేని చోట, అంటే బంగారం, ఫర్నిచర్ లాంటి వాటికి మాత్రం పన్ను విడిగా వేస్తారు. అక్కడ "జీఎస్టీతో కలిపేనా?" అని ముందే అడగాలి. "బిల్లు లేకుండా అయితే ఇంకో 500 తగ్గిస్తా" అన్నమాట వినిపిస్తే, ఆ 500తో పాటు వారంటీ, మార్చుకునే హక్కు, ఫిర్యాదు చేసే ఆధారం కూడా వదులుకుంటున్నారని లెక్కేసుకోండి. వస్తువు 20,000దైతే అది ఖరీదైన డిస్కౌంటే.

"డిస్కౌంట్ సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు గురించి: రంగు నచ్చలేదనో, మనసు మారిందనో అయితే షాపు నియమమే చెల్లుతుంది. సరుకులో లోపం ఉంటే కథ వేరు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. డిస్కౌంట్‌లో అమ్మినంత మాత్రాన ఇది మాఫీ కాదు. అయితే "చిన్న లోపం ఉంది, అందుకే తక్కువకు" అని ముందే చెప్పి, బిల్లులో రాసి ఇస్తే ఆ లోపం పేరు చెప్పి తర్వాత వెనక్కి ఇవ్వలేరు. కొనేముందు చీర మొత్తం మడత విప్పి, వెలుగులో పట్టుకుని చూడండి.

ఎనిమిదో అడుగు: మాట తప్పితే ఎక్కడ అడగాలి

ముందు షాపు మేనేజర్‌తోనే మాట్లాడండి, ఫొటో, బిల్లు చూపించండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఎమ్మార్పీకి మించి తీసుకుంటే, స్టిక్కర్ మార్చితే రాష్ట్ర తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయాలి. డిస్కౌంట్ ప్రకటనకూ బిల్లుకూ పొంతన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి సర్దుబాటు చేయడానికి ప్రయత్నిస్తారు, తీర్పు మాత్రం ఇవ్వరు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులు అక్కడికే వెళతాయి, 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉండే చోట, అంటే కొన్నది గచ్చిబౌలిలోనైనా మీ ఇల్లు ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. దరఖాస్తుకు జత చేయాల్సినవి బిల్లు, ఆఫర్ ప్రకటన ఫొటో లేదా స్క్రీన్‌షాట్, షాపుకు మీరు పంపిన ఫిర్యాదు కాపీ. థర్మల్ పేపర్ మీద వచ్చే బిల్లులు కొన్ని నెలల్లోనే తెల్లబడిపోతాయి, ఇంటికి రాగానే ఫొటో తీసి దాచండి.